లాగే బరువు, మోసే బరువు

ఓరిన్ హౌగన్ కుడిచేతికి బొటనవేలు లేదు. మా పౌడర్ నది వైపు అదేమీ వింత కాదు. గుర్రం మీద నుంచి తాడు విసిరి దూడను పట్టాక, ఆ తాడును జీను కొమ్ముకు చుట్టాలి. చుట్టేటప్పుడు వేలు మధ్యలో చిక్కుకుంటే అటు దూడ గుంజుతుంది, ఇటు గుర్రం గుంజుతుంది, వేలు మిగలదు. ఓరిన్‌కి అది పెళ్లయిన రెండో వసంతంలో జరిగింది.

మా దగ్గర దూడలకు ముద్ర వేయడం ఒక్క ఇంటి పని కాదు. ఈ వారం వీళ్ల దూడలు, పై వారం వాళ్ల దూడలు. లోయలో అందరూ అందరికీ వెళ్తారు. కూలి ఉండదు, మధ్యాహ్నం భోజనం ఉంటుంది. ఆ రోజు ఎవరు గుర్రమెక్కి తాడు విసరాలో ఇంటి యజమాని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు గౌరవం. మిగతావాళ్లు కింద నిలబడి దూడల కాళ్లు అదిమి పడతారు. వేలు పోయాక ఓరిన్‌ని ఎవరూ పిలవలేదు. బడి పిల్లలతో కలిసి కాళ్లు పట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి కష్టంగా ఉండేదని అతని భార్య లవాన్ తర్వాతెప్పుడో చెప్పింది.

ఒక చలికాలమంతా అతను షెడ్డులో ఇనుప గొట్టాలు అతికిస్తూ గడిపాడు. వసంతానికి ఒక ట్రైలర్ బయటికొచ్చింది. రోడ్డు మీద పోతున్నప్పుడు అది ఇనుప తడికల మోపులా ఉంటుంది. బీట్లో నిలిపి చీలలు లాగితే రెండు వైపులా విచ్చుకుని, చుట్టూ తిరిగి, మందనంతా పట్టే దొడ్డి అవుతుంది. అందరూ దాన్ని మడత దొడ్డి అన్నారు. అప్పటికి లోయలో పాత కర్ర దొడ్లు చాలా వరకు కూలిపోయి ఉన్నాయి. మందను మైళ్లకొద్దీ తోలుకురావడం మాని, మంద మేస్తున్న చోటికే దొడ్డిని తీసుకుపోవచ్చని తెలిసింది. అప్పటినుంచి ముద్రల తేదీ పెట్టుకునే ముందు ఫోన్ చేసి, "ఓరిన్‌కి ఏ రోజు వీలవుతుంది?" అని లవాన్‌ని అడగడం అలవాటైంది. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు.

దొడ్డి ఉంటే చాలదు, దాన్ని లాగే బండి కూడా ఉండాలి. ఓరిన్ దగ్గర ఎప్పుడూ పెద్ద తరగతి పికప్పే ఉండేది, వెనక జోడు చక్రాలది. మాలో ఏ ఇంటివాళ్లు ఏ కంపెనీ బండి కొంటారన్నది ఏ చర్చికి వెళ్తారన్నంత పాత విషయం. హౌగన్లది ఒక కంపెనీ, కంచె అవతలి డ్యువేన్ ష్ట్రో వాళ్లది ఇంకొకటి. పొద్దున కాఫీ దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేది ఆ సంగతి తేల్చుకోవడానికే అన్నట్టు ఉండేది.

"నిన్న మీ బండి కొండెక్కుతుంటే చూశాను," అనేవాడు డ్యువేన్. "పాపం, దిగి తోద్దామా అనుకున్నాను."

"నువ్వు దిగితే మీ బండి ఆగిపోతుంది కదా. మళ్లీ స్టార్టవుతుందో లేదో."

ఎవరైనా కొత్త బండి కొంటే మొదటి ప్రశ్న ఒక్కటే: ఎంత లాగుతుంది? వాన ఎంత పడిందని అడిగినట్టే అడుగుతారు. జవాబు చెప్పినవాడు ఆ బరువంతా తానే లాగినట్టు చెబుతాడు. రెండో ప్రశ్న ఒకటుందని మాలో చాలామందికి తెలియదు. పెద్ద బండ్లతో ఆ రెండో ప్రశ్న దాకా వెళ్లే పని పడలేదు.

పోయిన చలికాలంలో రెండు సంగతులు జరిగాయి. లవాన్‌కి తుంటి ఆపరేషన్ అయింది. ఓరిన్ పాత బండి ఇంజను బీటలు వారింది.

ఆపరేషన్‌కి ముందు నుంచే లవాన్ ఆ బండి ఎక్కడానికి పాల డబ్బాలు పెట్టే ప్లాస్టిక్ పెట్టె వాడేది. దాని మీద నిలబడితే ఓరిన్ కింద నుంచి ఎత్తేవాడు, తర్వాత పెట్టెను వెనక పడేసేవాడు. ఆపరేషన్ తర్వాత అలా ఎక్కకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మా లోయలో ఉన్న బండ్లన్నీ అదే ఎత్తు. హౌగన్ల కారు ఉంది కానీ, వాగులు దాటే మట్టి దారుల్లో అది చలికాలం మంచులోనూ, మే నెల బురదలోనూ మొదటి మలుపు దగ్గరే కూరుకుపోతుంది. అలా డిసెంబరు నుంచి మార్చి దాకా లవాన్ ఆస్పత్రి తప్ప ఇంకే గడపా తొక్కలేదు.

మార్చి చివర ఇద్దరూ బండి చూడటానికి వెళ్లారు. కొట్టు ముందు వరసగా పెద్ద తరగతి బండ్లు ఉన్నాయి. ఓరిన్ ఒకదాని తలుపు తీశాడు. లవాన్ అడుగు ఎత్తి మెట్టు మీద పెట్టబోయి, దించేసింది.

"ఇది నీకు బాగుంటుంది," అంది.

ఆ వరస చివర చిన్న తరగతి పికప్ ఒకటి ఉంది. నాలుగు తలుపులు, కిందికి దిగే మెట్టు. ఓరిన్ అమ్మేవాడితో మాట్లాడి తిరిగి చూసేసరికి లవాన్ అందులో కూర్చుని ఉంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని తలుపు తనే వేసుకుంది.

"ఎవరెక్కించారు?"

"ఎవరెక్కిస్తారు, నేనే ఎక్కాను."

ఓరిన్ అమ్మేవాడి చేతిలోని పుస్తకం తీసుకుని లాగే బరువు చూశాడు. పదకొండు వేల పౌన్లకు పైగా ఉంది. అతని పాత బండి కొత్తగా ఉన్నప్పుడు కూడా అంత లాగేది కాదు. మడత దొడ్డి తొమ్మిది వేలు. అతను ఆ పేజీని రెండుసార్లు చదివాడు. భార్యా, దొడ్డీ రెండూ ఒకే బండిలో కుదిరాయి. ఎవరైనా అక్కడే సంతకం పెట్టేవాళ్లు. అతనూ పెట్టాడు.

కాఫీ దగ్గర అంకె చెప్పగానే డ్యువేన్ కప్పు దించాడు.

"ఆ బొమ్మ బండా?"

"నీ దానికంటే వెయ్యి తక్కువ, అంతే."

"సీటు వేడెక్కుతుందంటగా. ఇంక దూడలకి ముద్ర వెయ్యడానికి నిప్పెందుకు, నీ సీటు మీద కూర్చోబెడితే పోలా."

అందరూ నవ్వారు. ఓరిన్ కూడా నవ్వాడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా జీవితమంతా ట్రైలర్లు లాగినవాళ్లే. బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ మీద దొడ్డి ముక్కు ఎంత బరువు మోపుతుందని ఒక్కరూ అడగలేదు.

మే నెల మొదటి ముద్రలు డ్యువేన్ వాళ్లవే, కొండ అవతల ఉన్న వాళ్ల బీట్లో. లవాన్ ముందురోజే చిక్కుళ్లు ఉడికించింది, పుల్లటి రూబార్బ్ కాడలు వేసి కేకు చేసింది. పొద్దున్నే కాలర్ ఉన్న చొక్కా వేసుకుని అందరికంటే ముందు బండి దగ్గర నిలబడింది. వెనక సీట్లో జీను, కుక్క, చిక్కుళ్ల గిన్నె. బండి వెనక దొడ్డి.

చదును మీద బాగానే పోయింది. ఎక్కుడులో ఇంజను గొంతు కూడా మారలేదు. "చూశావా," అన్నాడు ఓరిన్. కొండ నెత్తిన చిన్నగా మలుపు తిరిగినప్పుడు స్టీరింగ్ చేతిలో తేలికగా అనిపించింది. పాత బండిలో ఎప్పుడూ అలా లేదు. అద్దంలో చూశాడు. బండి తోక కుంగి ఉంది, ముక్కు ఆకాశం వైపు లేచి ఉంది.

దిగుడు మొదలైంది. గులకరాళ్ల దారి, పైన అలలు అలలుగా గతుకులు. రెండో మలుపు దగ్గర ఓరిన్ స్టీరింగ్ తిప్పాడు, ముందు చక్రాలు తిరిగాయి, బండి మాత్రం తిన్నగా పోయింది. వెనక నుంచి దొడ్డి నెట్టింది, తర్వాత ఒక పక్కకి ఊగింది. లవాన్ ఒక చేత్తో తలుపు పిడి, ఇంకో చేత్తో కేకు పట్టుకుంది. ఓరిన్ బ్రేకు తొక్కలేదు. డాష్‌బోర్డు మీదున్న మీట నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేశాడు. దొడ్డి వెనక్కి గుంజుకుని నిదానంగా వరసకి వచ్చింది. బండి గట్టు అంచు దాకా వెళ్లి దారిలో పడింది. కింద చదునుకి రాగానే ఆపాడు.

కేకు కింద పడింది. కుక్క దాని దగ్గరికి రాబోతే లవాన్ కాలితో అడ్డు పెట్టింది, ఆపరేషన్ అయిన కాలితో.

"లాగలేకపోతోందా?" అంది.

"లాగుతుంది. లాగడానికేం కాలేదు."

"మరి?"

"మొయ్యలేకపోతోంది."

మిగిలిన మైలూ నడక వేగంతో వెళ్లారు. ఆలస్యానికి డ్యువేన్ ఏదో అనబోయి, ఓరిన్ మొహం చూసి, దొడ్డి విప్పడానికి చెయ్యి వేశాడు.

మర్నాడు ఓరిన్ తన పశువుల కాటా దగ్గరికి దొడ్డిని వెనక్కి నడిపించి, ట్రైలర్ ముక్కు కింద ఉండే జాకీని కాటా మీదకి దించాడు. పదమూడు వందల పౌన్లు. లాగేటప్పుడు ఈ బరువంతా బండి వీపు మీదే ఉంటుంది. తర్వాత డ్రైవరు తలుపు తీసి, తలుపు చట్రానికి అంటించి ఉన్న కాగితం చదివాడు. మనుషులూ సామానూ కలిపి పదిహేను వందలకు మించకూడదని అందులో ఉంది. అమ్మేవాడి పుస్తకంలోని పెద్ద అంకె ఖాళీ బండిది. మనిషి ఎక్కేకొద్దీ, జీను వేసేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది.

లవాన్ ఊతకర్ర పట్టుకుని వచ్చి అతని భుజం పక్కనుంచి ఆ కాగితం చదివింది. లెక్క ఆమెకి అతనికంటే ముందే తేలింది.

"పదిహేను వందల్లో పదమూడు పోతే రెండు వందలు. నువ్వెంత ఉంటావు?"

"నూట తొంభై."

"అయితే సరిపోయింది కదా."

ఓరిన్ ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"కుక్కా నేనూ ఇంట్లో ఉంటాం. జీను డ్యువేన్ తెస్తాడు. చిక్కుళ్లు కూడా అతని చేతికే ఇచ్చెయ్. ఇంత ఆలోచించేదేముంది?"

"వెనక స్ప్రింగులు గట్టివి వేయించొచ్చు."

"వేయిస్తే ఈ కాగితం మీద అంకె మారుతుందా?"

మారదు. తోక కుంగడం తగ్గుతుంది, అంతే. ఆ సంగతి అతనికీ తెలుసు.

"మూడు నాలుగు వారాలే కదా ఓరిన్. జూన్ వచ్చేస్తే ముద్రలు అయిపోతాయి. ఎప్పుడూ మాట్లాడేవాళ్లే కదా, ఫోన్లో మాట్లాడుకుంటాను." ఆమె కర్ర మార్చుకుని ఇంటివైపు నడిచింది. పోతూ పోతూ, "ఇన్నాళ్లకి నా బరువు కంపెనీవాళ్లు కూడా పట్టించుకున్నారు," అంది.

తర్వాతి ముద్రలు కోరా బ్రాకెట్ వాళ్లవి. ఆమె తండ్రి పోయాక మంద కోరాయే చూసుకుంటోంది. మాలో అందరికంటే పెద్ద మంద అది. ఆ రోజు దాదాపు లోయంతా అక్కడే ఉంటుంది. దానికి ఇంకా వారం ఉంది. ఆ వారం ఓరిన్ కాఫీకి వెళ్లలేదు. కంచె పని పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం అతను లోపలికొచ్చేసరికి లవాన్ ఫోన్లో కోరాతో మాట్లాడుతోంది. "లేదమ్మా, ఈసారి రాలేను, కాలు ఇంకా కొంచెం సతాయిస్తోంది. ఓరిన్ దొడ్డి తెస్తాడులే, అది చాలదూ మీకు?" కాలు ఇప్పుడు సతాయించడం లేదు. ఫోన్ పెట్టేశాక ఆమె కిటికీ దగ్గర కూర్చుని, పొయ్యి మీద కాఫీ మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు. ఓరిన్ వెళ్లి పొయ్యి ఆర్పాడు. టోపీ పెట్టుకుని, కంచె దాటి డ్యువేన్ ఇంటికి నడిచాడు.

డ్యువేన్ తన బండి కింద దూరి ఉన్నాడు, బూట్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఎవరది?"

"నేనే. శనివారం దొడ్డి నువ్వు లాగాలి."

బూట్లు కదిలాయి. డ్యువేన్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూసిన మాట వినబడింది. అతని మొహంలో అది కనబడింది కూడా.

"ఏమన్నావు, మళ్లీ చెప్పు. మా ఆవిడని కూడా పిలుస్తానుండు, సాక్ష్యం ఉండాలి."

"పిలుచుకో."

"మా కంపెనీ బండి మీ దొడ్డికి అంటుకుంటే తుప్పు పట్టదూ?"

ఓరిన్ నవ్వలేదు. డ్యువేన్ గుడ్డను మడతపెట్టి జేబులో దోపుకున్నాడు.

"ఈ శనివారానికేనా?"

"ఈ శనివారానికే కాదు."

డ్యువేన్ కాసేపు అతన్ని చూశాడు. "లవాన్ వస్తోందా?"

"వస్తుంది."

"సరే," అన్నాడు డ్యువేన్. "చీలలు ఏ వరసలో లాగాలో ఒకసారి చూపించు. నేను లాగితే అదెప్పుడూ నా బూటు మీదే పడుతుంది."

ఇంటికొచ్చి ఓరిన్ చెబితే లవాన్ ఒప్పుకోలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. తన కోసం దొడ్డి వదులుకోవద్దంది. పిల్లలతో కాళ్లు పట్టుకున్న ఏళ్లు తనకి గుర్తున్నాయంది. "సాయంత్రాలు ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవాడివి. నేను చూడలేదనుకున్నావా?" ఓరిన్ పళ్లెం పక్కకి జరిపాడు. "ఇప్పుడు నువ్వు కిటికీకేసి చూస్తున్నావు," అన్నాడు. ఆమె లేచి పళ్లేలు తీసింది. శుక్రవారం మళ్లీ చిక్కుళ్లు నానబెట్టింది.

శనివారం వాళ్లు బయల్దేరేటప్పటికి దొడ్డి డ్యువేన్ వెంట వెళ్లిపోయింది. షెడ్డు పక్కన అది నిలిచే చోట గడ్డి పాలిపోయి పొడుగ్గా మచ్చ కనబడింది. దిగుడు మీద కొత్త బండి ఏ చప్పుడూ లేకుండా పోయింది. కోరా వాళ్ల బీట్లోకి రాగానే ఓరిన్ వేగం తగ్గించాడు. ఎప్పుడూ అతను వచ్చాకే అందరూ తమ బండ్లు నిలుపుకునేవాళ్లు, దొడ్డి ఎటు విచ్చుకుంటుందో తెలియాలి గనక. ఇప్పుడు బండ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. అతను వరస చివరకి వెళ్లి ఆపాడు.

దొడ్డి అప్పటికే విప్పారు. మూతి పడమరకి పెట్టారు. ఓరిన్ ఎప్పుడూ పొద్దుటి ఎండ ఆవుల కళ్లలో పడకుండా తూర్పుకి పెడతాడు. అతను తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు.

"వెళ్లి చెప్పకూడదూ?" అంది లవాన్.

"చూద్దాం."

గుర్రాల మీదున్నవాళ్లు మందను తోలుకొచ్చారు. ముందున్న ఆవు మూతి దగ్గర క్షణం నిలబడింది. తర్వాత తలవంచి లోపలికి నడిచింది, మిగతావి దాని వెనకే పోయాయి. తూర్పైనా పడమరైనా వాటికి పట్టినట్టు లేదు. ఓరిన్ అవన్నీ లోపలికి పోయి గేటు పడేదాకా చూశాడు. అతని మొహం నుంచి ఏమీ తెలియలేదు.

లవాన్ అప్పటికి దిగిపోయింది. ఆడవాళ్లు నలుగురైదుగురు ఆమె చుట్టూ చేరారు. "కాలు సతాయిస్తోందన్నావు," అని కోరా గుర్రం మీద నుంచే అడిగింది. "ఇక్కడ సతాయిస్తే మీరంతా ఉన్నారుగా పట్టుకోడానికి," అంది లవాన్.

కోరా గుర్రం తిప్పి ఓరిన్ దగ్గరికి వచ్చింది. ఏం పని చెప్పాలో ఆమెకి తెలియలేదని కనబడుతోంది. ఇన్నేళ్లలో ఎవరూ అతనికి పని చెప్పలేదు.

"ఇనుములు చూస్తారా ఓరిన్? నాన్న చూసేవాడు. పోయిన ఏడాది కుర్రాళ్లకిస్తే సగం దూడలకి ముద్ర కాల్లేదు, మిగతా సగానికి మరీ కాలింది."

ముద్ర వేసే ఇనుములు నిప్పులో కాచడం మాలో అందరికంటే పెద్దవాళ్లకిచ్చే పని. కూర్చుని చేస్తారు. ఓరిన్ నిప్పు వైపు చూశాడు, పక్కనున్న మడత కుర్చీ వైపు చూశాడు.

"చూస్తాను," అన్నాడు. కుర్చీ జరిపేసి నిలబడే చేశాడు. ఇనుము బూడిద రంగుకి తిరిగేదాకా కాచి, ఎడంచేత్తో తీసి అందించాడు. మధ్యాహ్నం దాకా ఒక్కరూ ఇనుము తిప్పి పంపలేదు. మధ్యలో చీల పడి కాలు కుంటుతూ డ్యువేన్ అటు వచ్చాడు.

"చెప్పానా, నా బూటు మీదే పడుతుందని."

"వరస చూపించాను కదా."

"నీ వరస ఎడంచేతి వరస. మనుషులకి కుదరదు."

భోజనాలయ్యాక దొడ్డి మడిచారు. అది తిరిగి ఓరిన్ ఇంటికి రానక్కర్లేదని, పై వారం ముద్రలున్న చోటికి అటునుంచి అటే తీసుకుపోతానని డ్యువేన్ అన్నాడు. ఓరిన్ తలూపాడు. డ్యువేన్ బండి వెనక దొడ్డి దుమ్ము లేపుకుంటూ గట్టెక్కి కనుమరుగైంది. ఓరిన్ నిప్పు మీద మట్టి కప్పి, లవాన్ ఖాళీ గిన్నె తీసుకుని బండి ఎక్కాడు.

రోడ్డు చీలిన చోట అతను ఎడమకి తిప్పాడు.

"ఇల్లు అటు కదా," అంది లవాన్.

"తెలుసు."

"మరి?"

"నది పక్క దారి. ఇందులో ట్రైలర్ తిప్పడానికి చోటుండదు. అందుకే ఎప్పుడూ రాలేదు."

ఆ దారి ఒక బండికే సరిపోతుంది. ఒక పక్క గట్టు, ఇంకో పక్క కాటన్‌వుడ్ చెట్లు, వాటి కింద మంచు కరిగిన నీళ్లతో ఎర్రగా నిండిన నది. లవాన్ అద్దం దించింది. ఫలానా వాళ్ల కోడలికి మళ్లీ నెల తప్పిందనీ, కోరా ఆ పశువుల డాక్టరుతో మరీ దగ్గరగా నిలబడిందనీ, చిక్కుళ్లలో ఈసారి ఉప్పు తక్కువైందనీ చెబుతూనే ఉంది. నది మెలిక తిరిగే చోట ఆపమంది. ఓరిన్ దారి మధ్యలోనే ఆపాడు. ఆమె మంచి కాలు ముందు దించి, రెండోది దించి, తనే దిగి గట్టు దగ్గరికి నడిచింది.

ఓరిన్ దిగి, అలవాటు కొద్దీ బండి వెనక్కి వెళ్లి హిచ్ దగ్గర వంగాడు. చూడాల్సిన గొలుసులు లేవు, చీల లేదు. ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండు మీద దుమ్ము పట్టి ఉంది. చేత్తో తుడిచాడు.

"ఏం చూస్తున్నావక్కడ?" అంది లవాన్.

"ఏం లేదు," అన్నాడు. చెయ్యి ప్యాంటుకి రాసుకుని, ఆమె నిలబడిన చోటికి వెళ్లాడు.